నాగలికీ ఒక రాజముద్ర

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్, సండర్లాండ్ ప్రాంతాల కుమ్మరి కార్ఖానాలలో తయారైన మట్టి మగ్గుల మీద ‘ఫార్మర్స్ ఆర్మ్స్’, అంటే రైతుల వంశముద్ర, అనే బొమ్మ తరచుగా కనిపిస్తుంది. ప్రభువంశాలు తమ కోటల మీద, రథాల మీద వేయించుకునే డాలు ఆకారపు చిహ్నాన్నే తీసుకుని, సింహాలకు బదులు నాగలి, కొడవలి, నూర్పిడి కర్ర, గోధుమ పన, కవ్వం, తేనెపట్టు అమర్చి, అటొక రైతును, ఇటు అతని భార్యను నిలబెట్టి, దాని దగ్గరలో నాగలికి దేవుడు మేలు చేయాలనే పాత దీవెనను ముద్రించేవారు. గడ్డి దులుపుకున్న చేతులతో బీరు తాగే మనిషికి ఇంతటి గౌరవం అతని మగ్గు మీదే దక్కడం చిన్న విషయం కాదు.

ఈ మగ్గుల ఒళ్లు పింగాణీ కాదు. డెవన్, డార్సెట్‌ల నుంచి వచ్చిన తెల్ల బంకమన్నులో కాల్చి పొడిచేసిన చెకుముకిరాయి కలిపి చేసిన తెల్లమట్టి. బొమ్మను ఒక్కొక్క మగ్గు మీద చేత్తో గీయకుండా, రాగి రేకు మీద చెక్కి, ఆ రేకును వేడిచేసి గీతలలోకి రంగు నింపి, పలుచని కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని మగ్గుకు అంటించి రుద్దేవారు. ఈ పద్ధతికే అచ్చుబదిలీ అని పేరు పెట్టుకోవచ్చు. 1756లో లివర్‌పూల్‌కు చెందిన జాన్ సాడ్లర్, గై గ్రీన్ తాము ఆరు గంటలలో 1,200 పలకల మీద బొమ్మలు ముద్రించామని ప్రమాణపూర్వకంగా ప్రకటించారు. సామాన్యుడి ఇంటికి బొమ్మల పాత్ర చేరడానికి దారి తీసింది ఈ వేగమే.

అయితే ఆ వేగంలోనూ మనిషి చేయి మాయం కాలేదు. చదునైన కాగితాన్ని గుండ్రని ఒంటి మీద చుట్టినప్పుడు అంచులు ఎక్కడో ఒకచోట కలవాలి గనుక, ఆ అతుకు సాధారణంగా పిడి దగ్గర పడేది. అక్కడ గోధుమ కంకి సగంలో తెగి, పక్క గీతతో కలవక నిలిచిన మగ్గులు ఉన్నాయి. అచ్చు వేసిన తరువాత రంగులద్దినవారి కుంచె పనను దాటి పసుపును బయటికి, నాగలి దాటి ఆకుపచ్చను పక్కకు వదిలేసేది. ఈ దాటిన రంగును లోపంగా లెక్కించే సేకరణకర్తల పద్ధతి సరైనది కాదు. త్వరత్వరగా పని చేసిన ఒక చేయి మిగిల్చిన గుర్తు అంతకన్నా స్పష్టంగా మరెక్కడా దొరకదు.

డాలులోని పనిముట్లలో నూర్పిడి కర్ర ప్రత్యేకంగా గమనించదగినది. పొడవాటి పిడికి తోలు పట్టీతో మరొక పొట్టి కర్రను కట్టి, పనల మీద కొట్టి గింజలు రాల్చే ఈ సాధనం, పశువులతో తొక్కించిన తెలుగు కళ్లాలకు కొత్త. ఇంగ్లండ్‌లో అది చలికాలమంతా కూలీకి పని చూపించేది. నూర్పిడి యంత్రాలు వచ్చి ఆ పని లాగేసుకున్నప్పుడు, 1830లో కెంట్‌లో మొదలై దక్షిణ ఇంగ్లండ్ అంతటా వ్యాపించిన ‘స్వింగ్’ అల్లర్లలో కూలీలు యంత్రాలను విరగ్గొట్టగా, 19 మందిని ఉరితీశారు. వందలాది మందిని ఆస్ట్రేలియాకు పంపేశారు. ఆ తరువాతి మగ్గుల మీద కూడా కర్ర డాలులోనే నిలిచి ఉంది. వంశముద్రకు ఎక్కిన పనిముట్టుకు పొలంలో చోటు లేకుండా పోవడం ఆ చరిత్రలోని బాధ.

ఈ మగ్గుల కోవలో రెండు పిడుల పాత్రలు కూడా ఉన్నాయి. ఒకరు తాగి మరొకరి చేతికి అందించడానికే ఆ రెండో పిడి. పగిలిన ముక్కలకు చిన్న రంధ్రాలు వేసి లోహపు కొక్కేలతో బిగించిన పాత్రలకు సంతలో ధర తక్కువ. కానీ ఒక కుటుంబం పారేయడానికి మనసొప్పక బాగు చేయించుకున్న మగ్గు, వాడకుండా అలమరలో ఉండిపోయిన మగ్గు కన్నా ఎక్కువ చెబుతుంది. ఇలాంటి పాత్రను ఏ మ్యూజియంలోనైనా చూసే పాఠకులు బొమ్మ ముందు నుంచి ఒక అడుగు పక్కకు జరిగి, పిడి దగ్గర కాగితం అంచులు కలిసిన ఆ చోటును తప్పక చూడాలి.