స్థూలకాయానికి శస్త్రచికిత్స: స్వీడన్ పరిశోధన ఎంతవరకు ప్రమాణం?

ఒళ్ళు వచ్చినవారికి ఇరుగుపొరుగువారు ఇచ్చే సలహా ఒక్కటే: నోరు కట్టుకొమ్మని. కొద్దిపాటి లావుకు ఇది పనికిరావచ్చును. కాని 120, 130 కిలోగ్రాముల బరువుతో, మోకాళ్ళు అరిగి, మధుమేహము, రక్తపుపోటు తోడై బాధపడేవారు ఆహారనియమంతో తగ్గించుకొన్న బరువు చాలావరకు కొన్నేళ్ళలో మళ్ళీ వచ్చి చేరుతుంది. బరువు తగ్గగానే ఆకలిని పెంచి, శక్తి వ్యయాన్ని తగ్గించే ఏర్పాట్లు శరీరంలోనే ఉన్నవి. దీనిని మనోబలం లోపమనడం అన్యాయం.

ఇట్టివారికి జీర్ణాశయాన్ని కుదించడమో, తిన్న ఆహారం చిన్నప్రేగులో కొంత భాగాన్ని తప్పించుకొని పోయేటట్లు దారి మళ్ళించడమో చేసే శస్త్రచికిత్సలు ఉన్నవి. వీటివల్ల బరువు తగ్గుతుందనడంలో వివాదం లేదు. ఆయుర్దాయం పెరుగుతుందా అన్నదే ప్రశ్న. దీనికి సమాధానంగా వైద్యులు తరచు ఉదహరించేది, లార్స్ స్యోస్ట్రోమ్ నాయకత్వాన 1987లో మొదలైన ‘స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్’ పరిశోధన.

ఇందులో శస్త్రచికిత్స చేయించుకొన్నవారు 2,010 మంది. పోలికకోసం ఎన్నుకొన్న, సామాన్య చికిత్సలో ఉన్నవారు 2,037 మంది. సగటున 10.9 సంవత్సరాలు గమనించగా మొదటి వర్గంలో 101 మంది, రెండవ వర్గంలో 129 మంది మరణించారు. 2007లో ఈ లెక్క వెలువడినప్పుడు, వయస్సు, లింగము మొదలైన తేడాలను సవరించి, మరణావకాశం 29 శాతం తగ్గినదని ప్రకటించారు. అది తప్పు కాదు. కాని అదే విషయాన్ని ఇంకొక విధంగా చెప్పవచ్చును: నూటికి 6.3గా ఉన్న మరణాలు 5.0 అయినవి, అనగా సుమారు పదకొండేళ్ళలో వందమందికి 1.3 మరణాలు తప్పినవి. మొదటి సంఖ్య విన్న రోగి వెంటనే ఒప్పుకొంటాడు. రెండవది విన్నవాడు కొంత ఆలోచిస్తాడు. రోగికి రెండూ చెప్పవలె.

ఎవరికి శస్త్రచికిత్స, ఎవరికి కాదు అన్నది చీటీలు వేసి నిర్ణయించలేదు. రోగి ఇష్టాన్ని బట్టి జరిగినది. ఇది చిన్న లోపం కాదు. ధైర్యం చేసి ముందుకు వచ్చినవారు, వెనుకాడినవారు ఇతర విషయాలలో కూడ వేరై ఉండవచ్చును గదా! ఐతే ఇందుకు పరిశోధకులను నిందించలేము. ఈ శస్త్రచికిత్సలకు తొలినాట వచ్చిన పేరు మంచిది కాదు. 1954లో ప్రకటితమైన పాత పద్ధతిలో చిన్నప్రేగులో అధికభాగాన్ని తప్పించేవారు. బరువు తగ్గేది, దానితోపాటు కొందరికి కాలేయం చెడేది, మూత్రపిండాలలో రాళ్ళు పుట్టేవి. 1970, 80 దశకాలలో శస్త్రచికిత్సానంతర మరణాలు ఎక్కువగా ఉండడంచేత, చీటీల పద్ధతికి నైతిక సమీక్షా సంఘాలు అంగీకరించలేదు. పైగా శస్త్రచికిత్సను కోరుకొన్నవారే కొంచెం ఎక్కువ బరువు; పొగత్రాగేవారు కూడ వారిలోనే ఎక్కువ. కొలువగలిగిన తేడాలు ఇలా ప్రతికూలంగా ఉన్నా ఫలితం అనుకూలంగానే వచ్చినది. కనుక ఈ ఒక్క లోపం చూపి పరిశోధనను కొట్టివేయడానికి వీలులేదు.

అంతకన్న పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. రెండవ వర్గానికి అందిన ‘సామాన్య చికిత్స’ ఏమిటి? కొందరికి మంచి సలహాలు, కొందరికి ఏమీ లేదు. వారి సగటు బరువు ఏళ్ళ తరబడి రెండు శాతానికి మించి మారనే లేదు. సెమాగ్లూటైడ్ వంటి మందులు వచ్చిన తరువాత ఆ పోలిక పాతబడినది. శస్త్రచికిత్సలు కూడ మారినవి. ఆ 2,010 మందిలో సుమారు మూడింట రెండు వంతులకు చేసిన, జీర్ణాశయానికి పట్టీ వేసి కుదించే పద్ధతిని నేడు దాదాపు విడిచిపెట్టారు. నేడు విరివిగా చేస్తున్నది జీర్ణాశయంలో అధికభాగాన్ని కోసి తీసివేసి, గొట్టంవలె మిగిల్చే పద్ధతి. అది స్వీడన్ పరిశోధనలో లేనే లేదు!

మధుమేహం విషయంలో కాలం చెప్పిన పాఠం గమనింపదగినది. శస్త్రచికిత్స జరిగిన రెండేళ్ళకు 72 శాతం మధుమేహ రోగులలో వ్యాధి కనబడకుండా పోయినది. పదిహేనేళ్ళకు అట్టివారు 30 శాతమే. అయినా రెండవ వర్గంలో ఆనాటికి 6.5 శాతమే గనుక లాభం లాభమే. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం శస్త్రచికిత్స పొందినవారు రెండవ వర్గంకన్న సుమారు 3 సంవత్సరాలు ఎక్కువ జీవించారు. సాధారణ ప్రజలకన్న మాత్రం 5.5 సంవత్సరాలు తక్కువే.

మన పాఠకులకు దీనితో నేరుగా సంబంధమున్నది. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించగా వచ్చే సంఖ్య శరీర ద్రవ్యరాశి సూచిక. స్వీడన్‌లో స్త్రీలకు 38, పురుషులకు 34 కనీస సూచికగా పెట్టారు. 160 సెంటీమీటర్ల స్త్రీ 97 కిలోగ్రాములుంటేనే చేర్చుకొనేవారు. ఆసియావాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వస్తున్నందున, 27.5 దాటితే శస్త్రచికిత్సను సూచించవచ్చునని రెండు శస్త్రవైద్య సంఘాలు 2022లో చెప్పినవి. అదే ఎత్తుగల స్త్రీకి ఇది 71 కిలోగ్రాములు. అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో 27 నుండి 43 వరకు సూచికగల 150 మంది మధుమేహ రోగులను చీటీల పద్ధతిన విభజించి చేసిన ప్రయోగంలో, మందులు మాత్రమే వాడినవారికన్న శస్త్రచికిత్స కూడ పొందినవారికి రక్తంలోని చక్కెర బాగా అదుపులోకి వచ్చినట్లు 2012లోను, ఐదేళ్ళ ఫలితాలతో 2017లోను తేలినది. అది చక్కెరకు సాక్ష్యం. ఆయుర్దాయాన్ని తేల్చడానికి 150 మంది చాలరు. 71 కిలోగ్రాముల స్త్రీకి ఎవరైనా స్వీడన్ లెక్క చూపి ఆయుస్సు పెరుగుతుందని చెబితే, తనంత బరువువారిని ఆ లెక్కలో చేర్చుకొన్నారా అని ఆమె అడగవచ్చును.