హింద్ స్వరాజ్: పాఠకుని స్థానం

1909 నవంబరులో లండన్ నుండి దక్షిణాఫ్రికాకు తిరిగివస్తూ గాంధీజీ ఓడపై గుజరాతీలో రచించిన ‘హింద్ స్వరాజ్’ను తరచుగా రాజకీయ ప్రణాళికగా పరిగణిస్తారు. ఆ దృష్టితో చూస్తే అది విఫల ప్రణాళికే. ఆ గ్రంథం నిరసించిన రైళ్లను, న్యాయస్థానాలను, వైద్యశాలలను దేశం విడువలేదు. గ్రంథకర్త సైతం దేశమంతా రైలులోనే పర్యటించారు.

అయితే ఇది ఉపన్యాసం కాదు, సంవాదం. ‘పాఠకుడు’ ప్రశ్నిస్తాడు, ‘సంపాదకుడు’ బదులిస్తాడు. తొలి ప్రకరణాలలో ఆవేశంతో ఎదిరించిన పాఠకుడు చివరకు వచ్చేసరికి దాదాపు శ్రోతగా మిగిలిపోవడం రచనాపరంగా లోపమే. కాని గ్రంథాన్ని చేతబట్టినవాడు అంత త్వరగా లొంగవలసిన పని లేదు. ముగింపులోని నియమాలు న్యాయవాదిని, వైద్యుని, ధనికుని విడివిడిగా ఉద్దేశించినవి. ఎవరి స్వరాజ్యాన్ని వారే అనుభవించాలన్నది వాటి వెనుక ఉన్న భావన.

ఈ విధమైన పఠనానికి గ్రంథకర్తే ప్రమాణం. అందులో చిత్రించిన స్వరాజ్యానికై తాను వ్యక్తిగతంగా కృషి చేస్తున్నానని, సామూహిక ఉద్యమ లక్ష్యం మాత్రం పార్లమెంటరీ స్వరాజ్యమని 1921లో ఆయన స్పష్టం చేశారు. తన గ్రంథాన్ని తానే జీవితానికి, రాజకీయానికి వేరువేరుగా అన్వయించుకున్నారన్నమాట! దీనిని రాజీ అనడం తొందరపాటు. 1945 అక్టోబరులో నెహ్రూకు రాసిన లేఖలో ఆయన ఆ గ్రంథానికి ఇంకా కట్టుబడే ఉన్నానన్నారు. చాలా ఏళ్ల క్రితం చదివినప్పుడే అది తనకు అవాస్తవంగా తోచిందని నెహ్రూ బదులిచ్చారు. నెహ్రూ అందులో వెదికింది రాజ్య నిర్మాణాన్ని.