గంధమా, పిస్తానా?

మా మేనకోడలు కొత్తగా దిగిన ఫ్లాట్‌లో పడకగది గోడ మీద రెండు పట్టీలు వేయించింది. ఒకటి గంధం రంగు, ఒకటి లేత పిస్తా. ఇంటిల్లిపాదీ వాటి ముందు నిలబడి తగువు. నా గోల మీకు తెలిసిందే: షేడ్ కార్డులో చిన్న ముక్క చూసి రంగు కొనకండి, గోడకే పూయండి, పగటి వెలుగులో చూడండి. పూయడం వరకూ విన్నారు. చూసేది మాత్రం రాత్రి పదింటికి, ట్యూబ్‌లైటు కింద! ఒళ్లు మండింది.

మా అమ్మమ్మకు ఈ తంటా ఎక్కడిది? సంక్రాంతి ముందు గాబులో కాల్చిన సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుత ఉడికేవి. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చల్లారాక వడకట్టి, బట్టలకు అంటకుండా తుమ్మజిగురు కలిపేవారు. కుంచెతో వేస్తుంటే గోడ ఊరికే తడిసినట్టుండేది, ఆరుతుంటే తెలుపు తేలేది. అడుగున జాజు పట్టీ. అంతే, ఎంచుకోవడానికేముంది?

ఉంది, నీలిమందు! సున్నం పసుపు తిరక్కుండా అది కలపాలి. ఎంత కలపాలన్నదే పేచీ. అమ్మమ్మ తలుపు వెనక ఒక పూత వేయించి, నీలం ఇంకో చిటికెడు కలిపి పక్కన మరో పూత వేయించేది. ఆరేదాకా ఎవరినీ నోరెత్తనిచ్చేది కాదు. ఇప్పటి ఎమల్షన్లకూ ఆ ఓపిక కావాలి. చాలావరకు తడి మీద లేతగా కనిపించి ఆరాక ముదురుతాయి. రెండో కోటు పడితేగానీ అసలు రంగు తేలదు. నాలుగు గోడలకూ వేస్తే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి మరింత చిక్కబడుతుంది.

ఆ గది కిటికీ ఉత్తరం వైపు. నేరుగా ఎండ పడదు, ఆకాశపు నీలి వెలుగే దిక్కు. అందులో పిస్తా బూడిద తిరిగింది, గంధం నిలబడింది. గంధమే వేయించమన్నాను.

"పగలు ఆ గదిలో ఎవరుంటారు మామయ్యా? పొద్దున్నే ఆఫీసులకి పోతే ఇద్దరం చీకటిపడ్డాకే కదా వచ్చేది!"

నిజమే. వాళ్ల 6500 కెల్విన్ తెల్ల ట్యూబు కింద గంధం పాలిపోయి జబ్బుమొహం పెట్టింది, పిస్తా హాయిగా ఉంది. 2700 పసుపు బల్బు పెడితే మళ్లీ తారుమారవుతుంది కానీ, అల్లుడికి పసుపు వెలుగంటే నిద్ర ముంచుకొస్తుందట. పడకగదిలో అదీ ఒక అభ్యంతరమే! పిస్తాకే సరేనన్నాను. ఇంటి నుంచే పనిచేసేవాళ్లు మాత్రం నా పాత మాటే వినండి.