ముందు నీళ్లు, తర్వాతే చేపలు

బీచ్ రోడ్డుకు పది నిమిషాల నడక దూరంలో ఉంటూ, సముద్రపు తొట్టి కోసం ఉప్పు డబ్బా కొని తెచ్చుకోవడం మా వీధిలో వాళ్లకు వింతగానే ఉంటుంది. కానీ పుదుచ్చేరి ఒడ్డున ముంచిన నీళ్లు తొట్టికి పనికిరావు. ఊరి మురుగు కాలవలు అక్కడే కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాలకు అరియాంకుప్పం ఏరు పొంగిందంటే బురదా వాననీరూ చేరి ఉప్పదనం రోజుకో తీరుగా మారిపోతుంది. అందుకే ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు కలిపి, రాత్రంతా పంపుతో తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు ఎత్తి చూస్తాను. నీలం, తెలుపు కలిసే గీత 35 దగ్గర నిలవాలి. కిలో నీటికి 35 గ్రాముల ఉప్పన్నమాట.

ఆ నీళ్లలోకి మొదట దిగేది చేప కాదు, గుబేర్ మార్కెట్లో కొన్న పచ్చి రొయ్య. అది కుళ్లాలి. కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా రాళ్ల సందుల్లో, ఇసుకలో మెల్లగా పెరుగుతూ నైట్రైటుగా మారుస్తుంది. మరో రకం వచ్చి దాన్ని నైట్రేటు చేస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. తొట్టి పెట్టడమంటే ముందు ఈ కంటికి కనబడనివాటిని పెంచడమే. పరీక్ష గొట్టంలో మందు చుక్కలు వేస్తే నీరు ఆకుపచ్చకు తిరిగిందా, అమ్మోనియా ఉన్నట్టు. నిమ్మపండు పసుపు నిలిచిందా, పోయినట్టు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా ఇసుక మీద డయాటమ్ అనే సూక్ష్మ నాచు గోధుమరంగు పొరలా కమ్ముతుంది. చాలామంది ఇక్కడే బెదిరిపోయి అంతా కడిగేసి మళ్లీ మొదటికొస్తారు. అక్కర్లేదు, కొన్నాళ్లకు అదే తగ్గుతుంది.

మన ఎండలు వేరే సమస్య. నీరు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఫ్యాను పెడితే చల్లబడుతుంది గానీ నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. తగ్గినమేరకు మంచినీళ్లే పోయాలి.

ఇక పగడాలు. రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. దొంగచాటుగా ఎవరైనా ముక్క అమ్మజూపితే వద్దనాలి, శిక్షకు భయపడి మాత్రమే కాదు. 2016లో మన్నార్ సింధుశాఖలో వేడికి పగడాలు తెల్లబడి ఎన్నో చచ్చిపోయాయి. బతికి బట్టకట్టినవాటిని విరిచి తెచ్చి హాల్లో పెట్టుకుంటే అది సముద్రం మీద ప్రేమ ఎలా అవుతుంది? నా తొట్టిలోవి కాల్చిన మట్టితో చేసిన రాళ్లు. వాటితోనే నాకు తృప్తి.

చేపల విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. ఇక్కడికి దక్షిణాన పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్ల సముద్ర జీవశాస్త్ర కేంద్రం, మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) క్లౌన్ చేపల్ని గుడ్డు నుంచి పెంచి చూపించాయి. గుడ్లను కాసేది మగచేప. రెక్కలతో నీటిని విసురుతూ, పాడైన గుడ్డును నోటితో ఏరేస్తూ వారం రోజులు అక్కడే ఉంటుంది. పిల్లలు చీకట్లో బయటికొస్తాయి. రోటిఫర్లనే అతి చిన్న జీవులు వాటి తొలి మేత. అలా తొట్టిలోనే పుట్టిన చేప కోసం ఏ దిబ్బలోనూ వల వెయ్యక్కర్లేదు.

గొట్టంలో పసుపు నిలిచి, నైట్రైటు కూడా పోయాక అలాంటి పిల్లల్ని రెండింటిని తెస్తాను. ఆడా మగా చూసి ఎంచుకోవాల్సిన పని లేదు. క్లౌన్ చేపలు ముందు మగవిగానే ఎదుగుతాయి. రెంటినీ కలిపి వదిలితే పెద్దది ఆడదవుతుంది.