తాడు అవతలి చెట్లు

అడవిలో ఒక హెక్టారు కొలవాలంటే ముందు తాడు కట్టాలి. వంద మీటర్లకు వంద మీటర్లు, నాలుగు పక్కలా. లోపలి ప్రతి చెట్టుకూ ఒక నంబరు, ఛాతీ ఎత్తున చుట్టుకొలత, ప్లాట్‌లో అది నిలబడ్డ చోటు. తాడుకు జానెడు అవతల ఎంత పెద్ద నల్లమద్ది ఉన్నా అది మా పుస్తకంలోకి రాదు. నల్లమలలో మొదటిసారి ఈ పని చేసినప్పుడు, పీడా పోయింది, ఒక చెట్టు తగ్గింది అనుకున్నాను.

ఇంటికొచ్చి కూర్చున్నాక తెలిసింది. ప్రతి చెట్టు చుట్టూ పది మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీసి, అందులో పడ్డ పొరుగు చెట్లను లెక్కపెట్టి సగటు చూస్తాం. చెట్లు గుంపు కట్టాయో, ఎడం పాటించాయో, ఇష్టమొచ్చినట్టు మొలిచాయో చెప్పేది ఆ సగటే. 1970లలో గణాంకవేత్త బ్రయాన్ రిప్లీ దీన్నే కె-ఫంక్షన్‌గా మలిచాడు. అయితే తాడు పక్క చెట్టుకు వృత్తంలో సగం బయటే ఉంటుంది. మూలన ఉన్నదానికి లోపల మిగిలేది పావు వంతు. పొరుగు లేక కాదు, నేను చూడక అవి ఒంటరివయ్యాయి. కళ్లారా గుంపులుగా చూసిన చెట్లే నా లెక్కలో ఎడమెడంగా తేలాయి.

దీన్ని సరిదిద్దడానికి అంచున పది మీటర్లు వదిలేసి లోపలి చెట్ల చుట్టూ మాత్రమే వృత్తాలు గీయవచ్చు. నిజాయితీ గల పద్ధతే కానీ ఖరీదెక్కువ. హెక్టారులో మిగిలేది ఎనభైకి ఎనభై, అంటే 36 శాతం నేల పోయినట్టే. పనామాలోని బారో కొలరాడో దీవిలోనూ, మన ముదుమలైలోనూ ఉన్న 50 హెక్టార్ల ప్లాట్లకైతే అదే పది మీటర్లకు పోయేది ఆరు శాతమే. పెద్ద కమతాల వాళ్లకు గట్టు బాధ తక్కువ!

ఇంకొకటి గారె పద్ధతి. ఎడమ అంచును కుడి అంచుకూ, పై అంచును కింది అంచుకూ అతికిస్తే ప్లాటు గారెలా చుట్టుకుంటుంది, అంచే ఉండదు. వాగు ఒడ్డు మద్దికి గుట్టమీది తిరుమాను పొరుగైపోతుంది. నాకిది ఎప్పుడూ మింగుడుపడలేదు.

నేను వాడేది రిప్లీ సవరణే. చెట్టు కేంద్రంగా, పొరుగు చెట్టు మీదుగా వృత్తం గీస్తే ఆ గీతలో సగమే ప్లాటులో పడిందనుకోండి, ఆ పొరుగును రెండుగా లెక్కిస్తాం. చూడని సగంలోనూ చూసిన సగమంత అడవే ఉందని నమ్మకం. ‘స్పాట్‌స్టాట్’ సాఫ్ట్‌వేరులో ఒక్క మాట టైపు చేస్తే చాలు. అంత సులువు కావడమే నన్ను ముంచింది. మా ప్లాటుకు తూర్పు తాడు అవతల ఉన్నది వాగు. ఆ పక్క పొరుగులను రెండేసిగా లెక్కకట్టి, ఏడాది పాటు ఇసుకలో అడవి పెంచాను.

తాడు అవతల ఏముందని సాఫ్ట్‌వేరు అడగదు. ఇప్పుడు నంబర్లు వేయడానికి ముందే తాడు బయట ఒక చుట్టు తిరిగి, నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకుంటున్నాను: ఉత్తరం అడవి, దక్షిణం అడవి, పడమర బండిదారి, తూర్పు వాగు.