కారణాంకాల వేట: ఫెర్మా సంఖ్యలు నేర్పిన పద్ధతులు

2¹²⁸ + 1 విలువ 39 అంకెల సంఖ్య. అది సంయుక్త సంఖ్య అని 1905లోనే రుజువైంది. దాని కారణాంకాలు మాత్రం 1970 దాకా దొరకలేదు. ఒక సంఖ్యకు కారణాంకాలు ఉన్నాయని తెలుసుకోవడం వేరు, అవేమిటో తెలుసుకోవడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని దాటే ప్రయత్నంలోనే సంఖ్యాశాస్త్రానికి పదునైన పద్ధతులు ఎన్నో సమకూరాయి.

2¹²⁸ + 1 ఫెర్మా సంఖ్యల కోవలోది. 2ను 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలకు హెచ్చించి 1 కలిపితే ఈ సంఖ్యలు వస్తాయి. మొదటి ఐదూ, అంటే 3, 5, 17, 257, 65537, ప్రధాన సంఖ్యలే. మిగిలినవీ అంతేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పియర్ ద ఫెర్మా నమ్మాడు. కానీ ఆరోదైన 4294967297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. రెండో కారణాంకం 6700417.

ఈ సంఖ్యకు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా, అందులోంచి 1 తీసేస్తే మిగిలేది 64 గుణిజమే కావాలని ఆయిలర్ నిరూపించాడు. ఆ లక్షణమున్న ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే ఐదో భాగహారంలోనే జవాబు దొరుకుతుంది.

2¹²⁸ + 1 దగ్గర ఈ దారి సాగదు, ఎందుకంటే దాని చిన్న కారణాంకానికే 17 అంకెలున్నాయి. ఇక్కడ 1877లో పెపాన్ ఇచ్చిన పరీక్ష పనికొచ్చింది. 3తో మొదలుపెట్టి 127 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ 2¹²⁸ + 1తో భాగించి శేషాన్నే ఉంచుకోవాలి. చివరి శేషం 2¹²⁸ అయితేనే అది ప్రధాన సంఖ్య. మోర్‌హెడ్, వెస్టర్న్ విడివిడిగా లెక్కించి, కాదని తేల్చారు. ఈ పరీక్ష తీర్పు చెబుతుందే తప్ప కారణాంకాన్ని చూపదు.

కారణాంకాన్ని పట్టే ఉపాయం వర్గాలలో ఉంది. ఉదాహరణకు 1649ను తీసుకుంటే, 41 వర్గాన్ని దానితో భాగించగా శేషం 32, 43 వర్గాన్ని భాగించగా శేషం 200. విడిగా చూస్తే ఈ శేషాలు వర్గాలు కావు. గుణిస్తే మాత్రం 6400, అంటే 80 వర్గం. ఇక 41, 43ల లబ్ధాన్ని 1649తో భాగిస్తే శేషం 114. 114లోంచి 80 తీసేస్తే 34. ఈ 34కూ 1649కీ గ.సా.భా. 17. కాబట్టి 1649 అంటే 17 × 97. ఇలా చిన్న ప్రధాన సంఖ్యల లబ్ధాలైన శేషాలను పోగుచేసి, వాటిని కలిపి వర్గంగా మార్చడమే ఈ పద్ధతికి ప్రాణం. అలాంటి శేషాలను అవిచ్ఛిన్న భిన్నాల సాయంతో రాబట్టి, మోరిసన్, బ్రిల్‌హార్ట్ 1970లో కంప్యూటర్ మీద 2¹²⁸ + 1ను విడగొట్టారు:

59649589127497217 × 5704689200685129054721

ఈ ఆలోచనే మరింత పదునెక్కి సంఖ్యాక్షేత్ర జల్లెడ అయింది. 155 అంకెల 2⁵¹² + 1ను 1990లో దానితోనే, వందల కంప్యూటర్లకు పని పంచి, పూర్తిగా విడగొట్టారు.

ఈ శ్రమ ఫలం గణితవేత్తలకే పరిమితం కాదు. రహస్య సమాచారాన్ని కాపాడే ఆర్‌ఎస్‌ఏ విధానంలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం అందరికీ తెలిసేలా ఉంటుంది, ఆ రెండు సంఖ్యలు మాత్రం గుప్తంగా ఉంటాయి. ఆ లబ్ధానికి ఎన్ని అంకెలుంటే భద్రమో తేల్చడానికి కొలబద్ద ఈ జల్లెడ శక్తే.

వేట ఇంకా ముగియలేదు. 2¹⁰⁴⁸⁵⁷⁶ + 1కు 3 లక్షలకు పైగా అంకెలున్నాయి. అది సంయుక్తమని 1987లో యంగ్, బ్యూయెల్ పెపాన్ పరీక్షతో నిరూపించారు. దాని కారణాంకాలలో ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు.