లూసిన్ వాదము - ఒక విమర్శ

లూసిన్ ఆవశ్యక ఎమినో ఆమ్లము. దేహము దీనిని తయారు చేసికొనలేదు, ఆహారమునుండియే పొందవలెను. కండరములలో మాంసకృత్తుల నిర్మాణమునకు ఇది ముడిపదార్థము, ప్రేరకము కూడ.

అట్టి లూసిన్ మితిమీరిన కీడు చేయునని 1960లో హైదరాబాదు పరిశోధకుడు సి. గోపాలన్, ఆయన సహకారి వాదించిరి. మొక్కజొన్నలోనున్నంత ట్రిప్టోఫాన్ కొరత జొన్నలో లేదు. అయినను జొన్న తిను పేదలకు, చర్మమును పాడుచేసి మతిని చెదరగొట్టు పెల్లాగ్రా ఏల వచ్చెను? జొన్నలో అధికముగానున్న లూసిన్, ట్రిప్టోఫాన్ నియాసిన్ అను విటమినుగా మారుటకు అడ్డుపడునని వారి సమాధానము.

ఎమినో ఆమ్లముల మొత్తమే కాక, వాని పొంతన కూడ ముఖ్యమని చూపుట ఈ వాదములోని గొప్పతనము. కాని తరువాత జరిగిన ప్రయోగములన్నియు దీనిని బలపరచలేదు. జొన్న తినువారందరికి ఆ వ్యాధి రాలేదు కూడ. కనుక జొన్న నొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. పేదవాని కంచములో ఏమి కలదో చూచినట్లే, ఏమి లేదో కూడ చూడవలెను.